మా అత్తగారు, గిన్నెలో మిగిలిన అన్నం

మా అత్తగారు పోయిన నెలలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. కాకినాడ వైపు నుంచి వచ్చిన చుట్టాలు శవపెట్టె దగ్గర నిలబడి ముందు ఏడ్చారు, ఆ తర్వాత నా వైపు అదోలా చూశారు. "ఎంత చిక్కిపోయింది పాపం! నిండుగా ఉండేది మనిషి. ఏం జబ్బు చేసిందమ్మా?" అందొకావిడ. కోడలు సరిగ్గా తిండి పెట్టలేదేమోనన్న అనుమానం ఆ గొంతులో తెలుస్తూనే ఉంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ మాట అత్తగారి చెవిన పడి ఉంటే ఎంత మురిసిపోయేవారో! చిక్కడానికి ఆవిడ పడ్డ పాట్లు వీళ్ళకేం తెలుసు?

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనే ఇల్లు. మామగారు రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. నేను కాపురానికి వచ్చేనాటికే అత్తగారు గుమ్మం నిండా మనిషి. నవ్వితే ఆవిడతో పాటు మంచం కూడా కదిలేది. షుగరొచ్చింది, బీపీ వచ్చింది, ఆవిడ లెక్కచెయ్యలేదు. "ఈ కాలనీలో షుగర్ లేందెవరికే?" అనేవారు. మోకాళ్ళ నొప్పి దగ్గరకొచ్చేసరికి మాత్రం కంగారుపడ్డారు.

మా సంఘంలో ఆరాధనకి నేల మీద దరీలు పరుస్తారు. ప్రార్థన వేళ అందరూ మోకరిస్తారు. మోకాళ్ళు మొరాయించాక ఆవిడ వెనక గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీలోకి మారాల్సొచ్చింది. ఒక ఆదివారం ఆటోలో వస్తూ, "దేవుడి ముందు దొరసానిలా కుర్చీలో కూర్చోడానికి సిగ్గేస్తందే. చచ్చేలోగా ఒక్కసారి అందర్తో పాటు మోకరించాలి" అన్నారు. ఎప్పుడూ నవ్వే మనిషి కళ్ళొత్తుకున్నారు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "మాతాజీ, తప్పు మోకాలిది కాదు, దాని మీదున్న బరువుది" అని హిందీలో నవ్వుతూనే చెప్పాడు. ఆ కొవ్వే షుగర్నీ బీపీనీ పెంచుతోందనీ, కాలేయానికి కూడా పట్టిందనీ, గుండెకీ ముప్పేననీ చెప్పాడు. ఆపరేషన్ మాట తర్వాత, ముందు బరువు తగ్గాలి, అదీ నెమ్మదిగా తగ్గాలి అన్నాడు. నెమ్మదనేది మా అత్తగారి ఒంట్లో లేదు. ఎవరికీ చెప్పకుండా ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. రెండు రోజులు నిమ్మకాయ నీళ్ళే. షుగర్ మాత్రలు మాత్రం మానలేదు. మూడో పొద్దున కొళాయి దగ్గర చెమటలు పట్టి కూలబడ్డారు. పంచదార నీళ్ళు తాగించి ఆస్పత్రికి పరిగెత్తాం. "ఉపవాసం దేవుడి కోసం చేసుకోండి, కాటా కోసం చెయ్యకండి. అదీ నన్నడిగాకే" అని డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు.

ఆ తర్వాత బుద్ధిగా చెప్పినట్టే తిన్నారు. రెండు చపాతీలు, కప్పు అన్నం, పప్పు, కూర. అయినా కాటా ముల్లు కదల్లేదు. "మిషనే ఖరాబ్" అని ఆవిడ తేల్చేశారు. నయా రాయపూర్‌లో ఆఫీసుకి పొద్దున్నే బస్సెక్కి చీకటిపడ్డాక ఇల్లు చేరే నేనూ నమ్మేశాను.

ఒక సెలవురోజు అందరం తిన్నాక వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుతున్నారు. మా పిల్లలు వదిలేసిన గుడ్డు ముక్కలు, గిన్నెలో పెరుగు పక్కన సిద్ధంగా ఉన్నాయి.

"ఇందాకే తిన్నారుగా అత్తయ్యా! మళ్ళీ తింటున్నారేంటి?"

"తినడమేంటే? గిన్నె ఖాళీ చేస్తన్నా!" అన్నారు నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆవిడ అబద్ధమాడలేదు. పళ్ళెంలో వడ్డించుకున్నదే ఆవిడ దృష్టిలో భోజనం. ఆ తర్వాతదంతా వంటింటి పని. మా అమ్మా అంతే, నేనూ అంతే. ఆఖర్న తినే ఆడది ఇంటి మిగుళ్ళన్నీ కడుపులో వేసుకుంటుంది, దాన్ని అందరూ పొదుపంటారు.

మర్నాడే అన్నం వండడానికి చిన్న గిన్నె కొన్నాను. ఇక అందరం కలిసే భోజనానికి కూర్చోవాలన్నాను. మొదటిరోజే అన్నం చాల్లేదు. "నా ఇంట్లో అన్నం తక్కువవడమా!" అని ఆవిడకి తల కొట్టేసినట్టయింది. మామగారు "అరటిపండుందిగా, ఇటివ్వు" అని తినేసి లేచారు. కొంపేమీ మునగలేదు. తర్వాత్తర్వాత మిగిలింది ఫ్రిజ్‌లోకో, గల్లీలో ఆవుకో పోయింది.

సాయంత్రాలు కాలనీ చెట్ల కింద నడక మొదలైంది. గుప్‌చుప్, అదే పానీపూరీ, బండివాడితో స్నేహం తెంచుకోలేదు, శనివారానికి ఒక ప్లేటుతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు చేతులాన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటూ కీర్తనలు పాడేవారు, లేచేటప్పుడు రాగం సాగేది. క్రిస్మస్‌కి అరిసెలూ కేకులూ తిని మళ్ళీ కొంచెం బరువెక్కితే నేను నీరుగారిపోయాను. "పెరిగితే పెరిగింది, నేనేం పారిపోలేదుగా. రేపు నడుద్దాం, చల్!" అన్నారు. అలా పడుతూ లేస్తూ రెండేళ్ళు. గాజులు వదులయ్యాయి, జాకెట్లన్నిటికీ కుట్లు పడ్డాయి, డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. ఏం పొడి వాడావని అడిగిన ఆడవాళ్ళకి, "పొడీ లేదు, గిడీ లేదు. కడుపు చెత్తబుట్ట కాదే, బస్" అని చెప్పేవారు.

నేనిప్పుడు అందరితో పాటే కూర్చుని వేడివేడిగా తింటాను. అది ఆవిడ దయ.

ఆ రెండేళ్ళూ గడిచాక, వానలు తగ్గిన ఒక ఆదివారం, ప్రార్థన వేళ ఆవిడ కుర్చీ పక్కకి జరిపి, దాని అంచు పట్టుకుని ఒక మోకాలు, తర్వాత రెండోది నెమ్మదిగా దరీ మీద ఆన్చారు. నాకు ప్రార్థన సాగితే ఒట్టు, ఒక కన్ను ఆవిడ మీదే. ఆమెన్ అన్నారు, అందరూ లేచారు, ఆవిడ లేవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తి జబ్బ పట్టుకున్నాను.

ఆవిడ ఒక కన్ను తెరిచి, "లేవగలనే. లేవబుద్ధి కావట్లేదు. నువ్వెళ్ళి కూర్చో" అన్నారు.

సంఘమంతా పాట అందుకుంది. మా అత్తగారు ఒక్కరే దరీ మీద అలాగే మోకరించి, కళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నారు.