చేతికి కట్టిన పన్నెండు వేల అడుగులు

మొన్న దవాఖానల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, చాయ్ తాగుకుంట వినుండ్రి.

మాది మాదన్నపేట. నా బరువు తొంభై ఆరు కిలోలు. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తయ్, బీపీ ఎప్పుడు చూసినా మీదనే. "మూడు నెలలు రోజూ నడువమ్మా. బరువు తగ్గకుంటే బీపీ గోలీ డబుల్ చేస్త" అన్నడు డాక్టరు. నాకేమో గోలీలంటేనే భయం. మా బిడ్డ అడుగులు లెక్కబెట్టే వాచ్ కొనుక్కొచ్చి చేతికి కట్టింది.

ఇగ చూడాలె నా జోరు. పొద్దుగూకేసరికి పన్నెండు వేల అడుగులు. ఎదురింటి సరోజ గూడ నా లెక్కనే లావు, బీపీ గోలీ ఏసుకుంటది, చేతికి అసొంటి వాచే కట్టింది. పాపం, రోజూ చెమటలు కక్కుకుంట మార్కెట్ చుట్టూ తిరిగొచ్చినా ఎనిమిది వేలు దాటవాయె.

"ఏం సరోజా, గంతేనా? టమాటల కాడ బేరమాడుకుంట నిలబడ్డవా ఏంది?" అని గల్లీ అంత వినేటట్టు అడిగేదాన్ని.

"నువ్వెప్పుడు నడుస్తవక్కా? అరుగు దిగంగ ఎన్నడూ చూడలే."

"ఇంట్ల తిరిగేది నడకగాదా?"

మూడు నెలలైనంక ఇద్దరం కలిసే దవాఖానకు పోయినం. సరోజ ఆరు కిలోలు తగ్గింది. బీపీ దిగిందని ఆమె గోలీ సగం చేసిండు డాక్టరు. నేను కాంటా ఎక్కిన. తొంభై ఎనిమిది.

"మీ కాంటా ఖరాబైంది సార్" అన్న.

"సరోజమ్మకు మంచిగనే చూపించింది గదా."

నేను కుర్చీల కూసొని, పొద్దున్నుంచి ఎంత తిరిగిన్నో, సరోజ ఎంత మెల్లగ నడుస్తదో చేతులు తిప్పుకుంట చెప్తున్న. డాక్టరు నా మొకం చూస్తలేడు, వాచ్‌నే చూస్తుండు.

"అమ్మా, మీరు కూసున్న కాడనే మూడు వందల అడుగులు నడిచిండ్రు."

"అక్క ముచ్చట పెడితే చేతులు ఆగయ్ సార్" అన్నది సరోజ. "మొన్న మా అత్త సంగతి ఒక్కటే రెండు వేలు అయ్యుంటది."

గోలీ డబులైంది.

ఇప్పుడు వాచ్ కాలికి కట్టుకున్న. మొదటి రోజు పొద్దుగూకేసరికి నాలుగు వందలు. తెల్లారి నుంచి సరోజ ఎంట నడుస్తున్న. నడుచుకుంట మాట్లాడుదామంటే ఆయాసం, రెండిట్ల ఒక్కటే అయితది. మోకాళ్లు జర నయమే. నా బీపీ సంగతి డాక్టరు చెప్పాలె గానీ, మా గల్లీల అందరి బీపీ దిగిందట.