ఖాలా వంటగది రంగు

పంజాగుట్టలో మేం అద్దెకున్న పాత బంగళాలో వంటగది గోడలు ఎంత పొగచూరి ఉండేవంటే, లోపలికెళ్లిన తెల్లపిల్లి నల్లపిల్లిగా తిరిగొచ్చేది. ఇంటామెను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఎనభైల్లో ఓ రంజాన్ ముందు గోడలకు పచ్చరంగు వేయమని పెయింటర్‌కు చెప్పింది.

"డబ్బాలు, గరిటెల మేకులు మాత్రం వాటి జాగాల్నే ఉండాలె," అంటూ అతని వెనకే తిరిగింది.

ఏదైనా తడుముకోకుండా అందుకోవడం ఆమె అలవాటు. చూపు పోతోందని తెలిస్తే కోడలు పొయ్యి ముట్టనివ్వదని ఆమె భయం. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

అమీర్‌పేట దుకాణంలో పచ్చ దొరక్క పెయింటర్ నీలం వేశాడు. కళ్లెదుట కనిపించేదే కదా అని ఆమెకెవరూ చెప్పలేదు.

సాయంత్రం నేను బయటినుంచి వచ్చి వంటగదిలో అడుగుపెట్టగానే ఖాలా గోడకు అరచేయి ఆనించి, "చూసినవా బేటీ, పచ్చ ఎంత మస్తుగున్నదో!" అంది కోడలితో.

కోడలు నావైపు చూసింది.

"అవును ఖాలా, చిలకపచ్చ," అన్నాను. కోతలు కోయడం నాకలవాటే.

కోడలు ఆమె చేతిలోని అగ్గిపెట్టె మెల్లగా తీసుకుంది. "ఇగ నేను వండుత అమ్మీ. మీరు కూసోండి."

ఖాలా చేయి చాచి సరిగ్గా మేకు మీది గరిటె అందుకుంది. కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే తగిలించింది.