తాతని అన్నానికి పిలవడం

మా అమ్మమ్మ క్వాయ్‌లాన్ గొంతు విప్పితే శాన్‌ఫ్రాన్సిస్కోలో మా చైనావాళ్ల పేట, స్టాక్టన్ వీధి తొట్లలో చేపలు కూడా ఇటు తిరిగి చూసేవి. చేపల కొట్టు ముందు నిలబడి, రోడ్డుకి అవతలి కొట్టువాణ్ణి ఆకుకూర ధర అడిగేది. మధ్యలో బస్సులూ లారీలూ పోతున్నా ఆమెకి లెక్కలేదు. కాలం చేసిన మా తాత వింగ్‌హాన్‌కి బాగా చెవుడు ఉండేది. అది ఆమె వల్లే వచ్చిందని నేనంటాను. ఆ చెవుడు వల్లే కాపురం సాగిందని మా అమ్మ అంటుంది.

అలాంటి మనిషి ఏడాది పైగా గుసగుసలు తప్ప మాట్లాడలేదు.

రెండువేల ఇరవై మార్చి మొదట్లో ఆమెకి జలుబు చేసింది. జలుబు చేస్తే మావాళ్లు మాస్కు పెట్టుకుంటారు. పక్కవాడికి అంటకూడదని. అది మర్యాద, అంతకంటే ఏమీ లేదు. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకెవరూ పెట్టుకోవడం లేదు. బస్సులో ఎదురు సీటువాడు లేచి, "రోగం మోసుకొచ్చింది చాలక మా మధ్యే కూర్చుంటావా? దిగు!" అని అరిచాడు. అమ్మమ్మకి ఇంగ్లీషు కొంచెమే వచ్చు. వేలెత్తి తలుపు చూపిస్తే అర్థం కానిదెవరికి? ఆమె లేచి దూరంగా జరిగింది. వాడు వెనకే వెళ్లి, ఆమె మాస్కు కిందికి లాగి, ముఖాన ఉమ్మేశాడు. బస్సు నిండా జనం. అందరికీ ఒక్కసారే ఫోన్లలో పని పడింది.

తెగిన మాస్కుతో ఇంటికొచ్చి, మాకు మాత్రం "బస్సు దిగుతుంటే కాలు జారింది" అని చెప్పింది. అసలు సంగతి పక్కింటి ఫూన్ గారి భార్య చెప్పింది. ఆవిడా అదే బస్సులో ఉంది. తనూ తల దించుకునే కూర్చున్నానని చెప్పి ఏడ్చింది.

ఆ తర్వాత అమ్మమ్మ టీవీ కూడా చప్పుడు లేకుండా చూసేది. చర్మం పగిలేదాకా సబ్బుతో ముఖం కడిగేది. గుమ్మం దాటాల్సి వస్తే ముఖమంతా మూసే వెడల్పాటి టోపీ, నల్ల కళ్లద్దాలు.

"ఏ సినిమా తారవే అమ్మమ్మా?" అని ఏడిపించేదాన్ని. ఒకరోజు నవ్వకుండా నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పవే, ఇదంతా మనవల్లే వచ్చిందా?"

ఒళ్లు మండిపోయింది నాకు. పెద్ద హోటల్లో ఊరూరి మనుషులు పడుకున్న పక్కలు ఎత్తి, వాళ్ల వాంతులు కడిగి నడుం వంగిపోయిన మనిషి. నీ ఒంట్లో ఏం రోగముందని ఆమె ఎవరినీ అడగలేదే! తర్వాత ఊరంతా మాస్కులు పెట్టుకుంది. ఒక్కడైనా మా మెట్లెక్కి తప్పైపోయిందన్నాడా?

మరుసటి ఏప్రిల్లో చింగ్‌మింగ్ వచ్చింది. పెద్దల సమాధులు తుడిచి అన్నం పెట్టే రోజు. అంతకుముందు ఏడాది ఊరంతా తలుపులు మూసుకోవడంతో తాతకి పస్తే. మా ఇళ్లలో పెద్దవాళ్లని నోరారా పిలవందే ఎవరూ గిన్నె ముట్టరు. తాతని ముందు అమ్మమ్మే పిలవాలి. పిలుపు అందకపోతే ఆయన రాడని ఆమె నమ్మకం.

"వస్తాను కానీ అక్కడ నోరు విప్పను," అంది.

"విప్పకుండా ఎలా పిలుస్తావు?"

గిన్నెలు సంచిలో సర్దుకుంది.

ఊరి బయట శ్మశానాలుండే కోల్మాలో తాత సమాధి తుడిచి, కాల్చిన పంది మాంసం, ఉడికించిన కోడి, నారింజలు పెట్టి, మూడు గిన్నెల్లో సారా పోశాం. కొంచెం దూరంలో ఒక తెల్లవాళ్ల కుటుంబం పూలతో నిలబడి ఉంది. అమ్మమ్మ వాళ్లని చూసి, రాతికి నోరు ఆనించి గొణిగింది.

"అమ్మమ్మా, పక్క కుర్చీలో కూర్చున్నప్పుడే ఆయనకి వినపడేది కాదు. ఇప్పుడు మధ్యలో ఇంత మట్టి కూడా ఉంది."

"వాళ్లు చూస్తున్నారే."

"అయితే నేనే పిలుస్తా." చేతులు నోటికి ఇరువైపులా పెట్టి అరిచాను. "ఓయ్ తాతా! కోడి చల్లారిపోతోంది, త్వరగా రా!"

వీపు మీద ఒక్కటి పడింది.

"ఒసే కోతిపిల్లా! తాతని పిలిచే తీరు అదేనా? టీ కొట్టులో కుర్రాణ్ణి కేకేసినట్టు! నేనింకా చచ్చానా, నాకంటే ముందు నోరు తెరవడానికి?"

ఆ గొంతు విని పూలవాళ్లందరూ ఇటు తిరిగారు. అమ్మమ్మ చెయ్యి నోటిమీదికి పోయింది. తర్వాత ఆ చేత్తోనే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టింది.

"ఏమయ్యా ముసలోడా! రా, అన్నం తిందువుగాని రా! పోయినేడు పెట్టలేకపోయాను. తప్పు నాది కాదు! వింటున్నావా? నాది కాదు!"

తాత విన్నాడో లేదో కానీ కోల్మా అంతా వింది.

తిరుగు బస్సులో మళ్లీ టోపీ, కళ్లద్దాలు. ఆమెకి దగ్గొచ్చింది. మింగేసింది. మళ్లీ వస్తే మళ్లీ మింగింది. అద్దాల కింద నుంచి నీళ్లు కారాయి. చచ్చినవాళ్ల మధ్య అలా అరిచిన మనిషి, బతికున్నవాళ్ల మధ్య గొంతు సవరించుకోవడానికి కూడా జంకుతోంది. ఆ ఉమ్మినవాడు ఈపాటికి ఎక్కడో హాయిగా, గట్టిగా దగ్గుకుంటూ ఉంటాడు.

ఆమె బదులు నేను దగ్గాను. అవసరం లేకపోయినా, మాస్కు ఎగిరేంత గట్టిగా. బస్సంతా తిరిగి చూసింది. ఏమిటన్నట్టు నేనూ చూశాను.

అమ్మమ్మ నా తొడ గిల్లింది. కానీ దగ్గొద్దని మాత్రం అనలేదు.