గాలిలో కంచుగుర్రం

ఆమెను పనిలో అందరూ గద్దమ్మ అంటారు. క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని, కింద ఎవరు పని ఎగ్గొడుతున్నారో ఇట్టే కనిపెడుతుందని ఆ పేరు. మొదట్లో ఇటుకలు మోసింది, తర్వాత పట్టుబట్టి క్రేన్ నేర్చుకుంది. కింద బరువులకు పట్టీలు బిగించేది ఆమె భర్తే. పనిలో ఆమె మాట, ఇంట్లో ఆయన మాట చెల్లుతాయని తోటివాళ్లు అనుకునేవారు. ఇంట్లోనూ ఆమె మాటేనని ఆయనొక్కడికే తెలుసు.

ఆ ఏడు భూకంపానికి పాత కోటగుమ్మం నిలువునా బీటలిచ్చింది. దాని నెత్తిన రెండు వేల ఏళ్లనాటి కంచుగుర్రం ఉంది. ఒకప్పుడు దాని పక్కన మరో మూడు ఉండేవట. యుద్ధాల్లో ఫిరంగుల కోసం వాటిని కరిగించేశారు. మిగిలిన ఈ ఒక్కదాన్నీ గోడ కూలేలోపు దించాలని మ్యూజియం పెద్దావిడ వీళ్లను పిలిపించింది.

భర్త పట్టీలు బిగించాక, క్రేన్ కొక్కేనికి వేలాడుతూ గుర్రం పైకి లేచింది. క్యాబిన్ అద్దానికి ఎదురుగా దాని ముఖం వచ్చింది. చెంప మీద ఉబ్బిన నరాలు, విప్పారిన ముక్కుపుటాలు, చిలుము పట్టిన కంచు మీద అక్కడక్కడా బంగారు పూత. ఊపిరి పీలుస్తోందేమో అనిపించి ఆమె ఒళ్లు జలదరించింది.

గుర్రాన్ని గుమ్మం ముందుకు జరిపి సగం దించేసరికి భూమి మళ్లీ అదిరింది. ఇటుకలు రాలసాగాయి. ఆ గోడకూ, గుర్రాన్ని ఎక్కించాల్సిన లారీకీ మధ్య ఆమె భర్త, గుర్రం తిరగకుండా తాడు పట్టుకుని నిలబడ్డాడు.

“తాడు వదిలి పరిగెత్తవయ్యా!” వాకీటాకీలో అరిచింది.

“వదిలితే గోడకు కొట్టుకుంటుందే! ముందు పైకెత్తు!”

వాదించే వ్యవధి లేదు. లీవర్ లాగింది. గుర్రం గోడ అంచు దాటి పైకి పోయింది, తాడు ఆయన చేతిలోంచి జారింది. మరుక్షణం గోడ కూలింది.

అంతా దుమ్ము. పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది. కాళ్లు కిందికి ఉరకమంటున్నాయి. కానీ బరువు వేలాడుతుండగా సీటు వదిలితే ఆ గుర్రం ఎవరి మీద పడుతుందో! అద్దం అవతల ఆ కంచుముఖం ఊగుతోంది. ఏడుస్తూనే దాన్ని పక్కకు తిప్పి, మెల్లగా అవతల పరిచిన ఇసుక మీదికి దించసాగింది.

వాకీటాకీలో దగ్గు వినిపించింది. “గుర్రం ఎలా ఉందే?”

“నీ గుర్రం తగలెయ్య! నువ్వెలా ఉన్నావో చెప్పి చావు!”

“లారీ కింద దూరాను. భుజం విరిగినట్టుంది.”

గిట్టలు ఇసుకలో ఆనాక గానీ ఆమె లేవలేదు. గుర్రానికి చెవి అంచు గీసుకుపోయిందంతే. మ్యూజియం పెద్దావిడ దండం పెట్టబోతుంటే తోసుకుంటూ లారీ దగ్గరికి పరిగెత్తింది. దుమ్ము కొట్టుకుపోయిన మొగుడి ముఖాన్ని కొంగుతో తుడిచింది.

భుజం అతుక్కుంది గానీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. గుర్రాన్ని మ్యూజియంలో పెట్టాక ఇద్దరూ వెళ్లారు. ఆయన దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఆమె ఆ గది తలుపు దాకా వచ్చి, ఆ రోజు అద్దం అవతల ఊగిన ఆ ముఖం కనబడగానే వెనక్కి తిరిగి, బయట బెంచీ మీద కూర్చుండిపోయింది.