దేవుడిచ్చిన చెయ్యి

"దేవుడిచ్చిన చెయ్యి" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్న ఒంగోలు దగ్గర పల్లెలో దూదేకి పరుపులు కుడతాడు. పెళ్లివారు వచ్చి, పరుపు మీద దొర్లి, ఎక్కడా గడ్డ తగల్లేదని ఆ మాటే అంటారు. వాళ్ల పిల్లలు లెక్కల్లో తప్పితే మాత్రం ట్యూషన్ పెట్టిస్తారు. అక్కడ దేవుడు ఇవ్వడు కాబోలు. నాన్న ఒక్కసారీ కాదనడు, మీసాల్లో నవ్వుకుంటాడు.

ఇంటర్ తప్పాక నన్ను పనిలో కూర్చోబెట్టాడు. ఎవరూ నమ్మరు గానీ నాకా పని చాలా ఇష్టం. గలీబులో దూదిని ముందు మూలలకు నింపాలి, తర్వాత నడుమ పరిచి, కర్రతో సర్ది, దబ్బనంతో కుట్టాలి. నేను నడుమే నింపేవాణ్ణి. నాన్న అరచెయ్యి వేసి చూసి, కుట్లు కోసి, దూదంతా వాకిట్లో కుమ్మరించేవాడు. తప్పెక్కడో చెప్పేవాడు కాదు. మూలల సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. రెండు నెలలు తిరక్కుండానే దబ్బనం లాక్కున్నాడు.

"నీకా చెయ్యి పుట్టుకతో రాలేదురా. ఇది నేర్పితే వచ్చేది కాదు. పో, ఇంకేదన్నా చూసుకో."

చూసుకున్నాను. ఒంగోల్లో ఫోమ్ పరుపుల షాపులో చేరాను. కసితోనే చేరాను, దాచేదేముంది.

పోయినేడాది నానమ్మ మంచాన పడింది. పక్క మారుద్దామని దుప్పటి తీస్తే కింద పరుపు ఒకచోట గుట్ట, ఒకచోట గొయ్యి. దూదేకే ఇంట్లో ఏకని పరుపు!

"ఇంత దరిద్రంగా ఎవరు కుట్టారు నానమ్మా?"

"మీ నాన్నేరా. మొదటిదని ఏకనివ్వలా నేను. మూడేళ్లు ఇట్టాంటివే కుట్టాడు. మీ తాత పక్కన కూర్చుని విప్పించటం, మళ్లీ కుట్టించటం. ఒక్క మాట అనేవాడు కాదు. చెడినయ్యన్నీ మేమే పరుచుకున్నాం. అందరి నడుములూ పోయినయ్."

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ" అన్నాడు.

"నాకెందుకివ్వలేదు నాన్నా ఆ మూడేళ్లు?" అని అడిగాను.

"మా నాన్నకి ఓపికుంది. నాకు లేదు" అన్నాడు.

ఆ మాట దబ్బనం లాక్కున్న రోజే అని ఉంటే సరిపోయేది. తప్పు నా చేతిలో ఉందనుకుని ఎనిమిదేళ్లు బతికాను.