వచ్చే మీటింగుకి వాయిదా

మా సమితి ప్రెసిడెంటు గారికి చుట్టదగ్గు. ఒక ఆడమనిషి రాజకీయ జీవితం ఆ దగ్గుతో మొదలైందంటే ఎవరూ నమ్మరు గానీ, నేను అదే గదిలో కూర్చుని చూశాను.

అరవైల చివరి రోజులు. మాది తెనాలి. బాపట్లలో శిక్షణ ముగించుకుని రేపల్లె వైపు ఒక పంచాయతీ సమితిలో ముఖ్యసేవికగా చేరాను. పల్లెల్లో ఆడవాళ్లకు పొగరాని పొయ్యి కట్టుకోవడం, బొప్పాయి జాము చెయ్యడం నేర్పించడం నా ఉద్యోగం. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో వేలాడి ఆఫీసుకు చేరేసరికి జాముకంటే ముందు నేనే ఉడికిపోయేదాన్ని. దానికి తోడు నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

సమితిలో ఆడవాళ్లూ ఉండాలి, గిరిజనులూ ఉండాలి అని చట్టం. రెండూ ఒక్క మనిషితోనే తీరిపోతే పోలేదా అనుకున్నారు ప్రెసిడెంటు గారు. తన నిమ్మతోటకు కాపలా ఉండే యానాది ఆవిణ్ణి పిలిపించి కోఆప్షన్ సభ్యురాలిని చేసేశారు. నాకంటే పదిహేనేళ్లు పెద్దది, నేను అక్కా అనేదాన్ని. కాలవగట్టు మీద యానాదుల గుడిసెల్లో ఆవిడ కాపురం.

మొదటి మీటింగు రోజున వరండాలో, నా ఎదురుగానే, ప్రెసిడెంటు గారు ఆవిడకు పాఠం చెప్పారు.

"చూడవే, నేను దగ్గితే చెయ్యెత్తు. దగ్గకపోతే ఎత్తమాక. అంతే, ఇంకేం లేదు."

"అట్టాగేనండయ్యా" అంది ఆవిడ.

లోపల మొదటి విషయమే గొడవైంది. ప్రెసిడెంటు గారి ఊరి రోడ్డు కాదు, ముందు మా ఊరి రోడ్డు వెయ్యాలని ఎదటి పార్టీ పెద్దమనిషి లేచాడు. అవతలి ఊరికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ఆవిణ్ణి వదిలేస్తే రెండు వైపులా సరిసమానం. సరిగ్గా ఆ క్షణంలోనే చుట్టపొగ అడ్డం పడి ప్రెసిడెంటు గారికి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆవిడ చెయ్యెత్తింది. ఆయన కళ్లు పెద్దవి చేసి, వద్దు వద్దని చెప్పబోయి ఇంకా గట్టిగా దగ్గారు. ఆవిడ రెండో చెయ్యి కూడా ఎత్తింది.

రోడ్డు అవతలి ఊరికి వెళ్లిపోయింది.

"నీకు బుద్ధుందటే?" అని వరండాలో ఆయన విరుచుకుపడ్డారు.

"తమరే గదండయ్యా దగ్గింది! అంత గట్టిగా దగ్గేసరికి రెండూ ఎత్తమన్నారేమో అనుకున్నా."

ఆ మాట అని ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తెలియక చేసిన తప్పేనా అని తర్వాత చాలాసార్లు అడిగాను, ఒక్కసారి కూడా సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆ రోజునుంచి ప్రెసిడెంటు గారు మీటింగులో చుట్ట మానేశారు. తన చేతికి విలువ ఉందని ఆవిడకు మాత్రం తెలిసిపోయింది.

తర్వాతి మీటింగులో ఆవిడ లేచి నిలబడింది. వాళ్లకు ఇళ్లస్థలాలు కావాలి. ఏటా ఎండాకాలం కాలవలు కట్టేసి పూడిక తీస్తారు. తీసిన మట్టి గట్టు మీదే పొయ్యాలి కాబట్టి గుడిసెలు పీకేస్తారు. వానలు పడేలోపు మళ్లీ నిట్టాడి గుంజలు పాతుకోవాలి, మళ్లీ తాటాకు కప్పుకోవాలి. పిల్లలు పుట్టిన గుడిసె ఎక్కడుందో తల్లికే తెలియదు. ఊరి చివర మెరకగా కాస్త పోరంబోకు ఉంది. సమితి తీర్మానం చేసి పంపితే రెవిన్యూ వాళ్లు కొలిచి ఇస్తారు. కాకపోతే దాని చుట్టూ ఉన్న పొలం ప్రెసిడెంటు గారిది.

"చాలా ముఖ్యమైన సంగతి. తొందరపడకూడదు. వచ్చే మీటింగుకి వాయిదా" అన్నారు ఆయన.

వచ్చే మీటింగులోనూ అది ముఖ్యమైన సంగతే అయింది, మళ్లీ వాయిదా. ఆ పై మీటింగులో సరిగ్గా ఆవిడ వంతు వచ్చేసరికి టిఫిన్లు వచ్చాయి. పెసరట్లు చల్లారిపోతున్నాయని వాయిదా వేశారు. ఉద్యోగిని కాబట్టి నేను నోరెత్తకూడదు. బయటికొచ్చాక నా కసి అంతా ఆవిడ మీద తీర్చుకున్నాను.

"ఏంటక్కా, అట్లా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావు? నాలుగు దులపకూడదూ!"

"దులిపితే ఏవొస్తదమ్మా, దుమ్మేగా. నేర్చుకుంటన్నాలే."

"ఏంటి నేర్చుకునేది?"

"మీటింగు" అంది.

వరిచేలు పొట్ట మీదికి వచ్చాయి. ఆ రోజుల్లోనే ఎలకలు తెగబడతాయి. మా వైపు ఎలకల పని పట్టాలంటే యానాదులు వచ్చి చేలల్లో ఎలకలు పడే బుట్టలు పెట్టాల్సిందే. ఏటా కబురంపగానే వచ్చేవాళ్లు, ఆ ఏడు ఒక్కరూ రాలేదు. ప్రెసిడెంటు గారు పాలేరును పంపారు. వాడు వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. ఇక గొడుగు వేసుకుని ఆయనే స్వయంగా బయలుదేరారు.

ఆ సమయానికి నేను ఆవిడ గుడిసెలోనే ఉన్నాను, మోచేతుల దాకా మట్టి పూసుకుని పొగరాని పొయ్యి కడుతూ. "ఎందుకమ్మా, ఎండాకాలానికి తవ్వి పారేత్తారు" అని ఆవిడ అంటూనే ఉంది. నేను వింటేగా! ఇంతలో గుమ్మం దగ్గర గొడుగు కనిపించింది.

"ఏమే, చేనంతా కొరికేస్తన్నాయి. మీవాళ్లేరీ?"

ఆవిడ చేతులు కట్టుకుని లేచింది. "అవునండి, చాలా ముఖ్యమైన సంగతండి. తొందరపడకూడదండి. వచ్చే మీటింగుకి వాయిదా ఏశామండి."

"మీకు మీటింగేంటే!"

"ఈ గట్టు మీదేనండి, పొద్దున కూకున్నాం. తమరి చేను సంగతి వచ్చేసరికి గంజి చల్లారిపోతందని మావోళ్లు లేచిపోయారండి."

గట్టు మీద కూర్చున్న మగాళ్లు కాలవలోకి చూస్తూ మహా గంభీరంగా ఉన్నారు. నేను నవ్వాపుకోలేక మొహం పొయ్యిలో దూర్చాను. ముక్కునిండా మట్టి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని పెద్దలు అన్నారు. మా సమితిలో ఆ పని ఒక ఆడమనిషి చేసింది.

ఎదటి పార్టీ వాళ్లు రెండు రోజులు ముసిముసిగా నవ్వుకున్నారు. ఎలకలకు పార్టీలేముంటాయి? మూడోరోజుకి వాళ్లూ గట్టెక్కి, ఆ వాయిదా మాటే విని దిగివెళ్లారు. ఇక అత్యవసర సమావేశం పెట్టక తప్పలేదు. సభ్యులందరూ టైముకు రావడం ఆ సమితిలో నేను చూసిన మొదటిసారీ అదే, చివరిసారీ అదే. టిఫిన్ మాట ఎవరూ ఎత్తలేదు. "మీరేమంటారండీ?" అని ప్రెసిడెంటు గారు అడిగితే, ఆ అండీ ఎవరికో అర్థంకాక ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఇళ్లస్థలాల తీర్మానం అయిపోయింది. మర్నాడు చేలల్లో బుట్టలు వెలిశాయి.

కానీ పెద్దమనుషులు ఊరికే ఓడిపోరు. పోరంబోకు కొలిచే రోజున, తన పొలానికి బండిదారి దాని మధ్యలోంచే వదలాలని ప్రెసిడెంటు గారు పట్టుబట్టారు. దారి పోగా చూస్తే ఒక ఇంటికి స్థలం చాలలేదు.

"ఎవరో ఒకళ్లు తగ్గాలి మరి" అన్నారాయన, ఆకాశంలోకి చూస్తూ.

ఆవిడే నవ్వుతూ, "నాది వచ్చే మీటింగుకి వాయిదా ఏసుకోండయ్యా" అంది.

అందరూ గొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ సమితి గడువు ఆ నెలతో సరి. వచ్చే మీటింగుకి ఆవిడ సభ్యురాలు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. ఆ కోపంలో బండిదారి గురించి ప్రెసిడెంటు గారితో నాలుగు మాటలు అన్నాను. దాని ఫలితంగా నన్ను బదిలీ చేశారు.

వెళ్లిపోయే ముందు, కాలవలు కట్టేశారని విని ఒకసారి చూసి వద్దామని బస్సు దిగాను. గట్టు మీద ఆవిడ గుడిసె ఒక్కటే మిగిలి ఉంటుందని, దాన్నీ పీకుతుంటారని భయం. గట్టు మీద గుడిసెలే లేవు. మెరక మీద కొత్త తాటాకు కప్పులు కనిపించాయి. వాటి మధ్యలో ఆవిడ నిట్టాడికి తాడు బిగిస్తోంది.

"స్థలమెక్కడిదక్కా?"

"ఈళ్ల మొహాలు మండ! ఎవరి హద్దురాళ్లు ఆళ్లు కాస్త కాస్త లోపలికి జరిపేసుకున్నారు. సర్వేయరునీ పిలవలా, నన్నూ అడగలా. నాది వాయిదా అన్నానని గొడవ చేస్తే, ఇక్కడ వాయిదాల్లేవు, కూకోవే అన్నారు."

తిడుతూనే కళ్లు తుడుచుకుంది. బండిదారిని మాత్రం ఎవరూ వేలెడు కూడా ముట్టుకోలేదు.

"వచ్చావు గాబట్టి ఆ పొయ్యి కట్టిపో అమ్మా. ఇక్కడైతే ఎవరూ తవ్వరు" అంది ఆవిడ.

నేను చెప్పులు విడిచి, కొంగు దోపుకుని మట్టి తొక్కడం మొదలుపెట్టాను.