మొహం ఆమెది, మాట నాది

నాకు అసూయ లేదని ఎప్పుడూ బుకాయించలేదు. ఉంది, దండిగా ఉంది. అందులో ముప్పాతిక వంతు ఒక్కరి మీదే. నారాయణగూడ కాలేజీలో ఇరవై ఏళ్లు నాతో పనిచేసిన హిస్టరీ మేడమ్ ఆవిడ. నాది ఫిజిక్స్. ఇద్దరం రిటైరయ్యాం. నేను చిక్కడపల్లిలో ఉంటాను, ఆమె అశోక్‌నగర్‌లో.

బాగ్‌లింగంపల్లిలో మా చదువరుల బృందం ఆదివారం పొద్దున కలుస్తుంది. ఒకరు ఒక విషయం మీద గంటసేపు మాట్లాడాలి. ఒకరు మాట్లాడిన విషయాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఏడాదిగా నేను తయారుచేసుకుంటున్న విషయం ఒక్కటే, బ్రిటన్‌లో టెలివిజన్ తొలిరోజులు. చిల్లులు పెట్టిన పెద్ద బిళ్ల గిర్రున తిరగడం, అరచేతిలో సగం కూడా లేని బొమ్మ కనపడటం, మొహాలకు తెల్లరంగు, పెదాలకు నల్లరంగు పూసుకుని పాడటం... రెండు నోటుపుస్తకాలు నిండాయి. అయినా ఇంకా ఏదో తక్కువైందనే అనిపించేది. సాయంత్రం కూరగాయలకు వెళ్తూ ఇవన్నీ ఆమెకు చెప్పేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్క ముక్క మాత్రం దాచుకున్నాను. అది నా ఉపన్యాసానికి ముగింపు.

మొన్నో ఆదివారం వెళ్లేసరికి, మాట్లాడాల్సినాయనకు జ్వరమట. మైకు ముందు మా హిస్టరీ మేడమ్ నిలబడి ఉంది. "బ్రిటన్ల టీవీ ఎట్ల పుట్టిందో చెప్త" అంది.

అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే కదా! ఇక నా నోటుపుస్తకాలు చిత్తుకాగితాలకే పనికొస్తాయి. పోనీ, చెత్తగా చెప్తోందా అంటే అదీ లేదు. చేతిలో చిన్న చీటీ అయినా లేదు.

"లైట్ల వేడికి మనుషులు తట్టుకోలేరని ముందుగాల ఒక బొమ్మ తలను కూసోబెట్టిన్రు. అది ఖరాబైనా పరేషాన్ లేదు. మనిషి ఖరాబైతే ఇంట్ల లొల్లి గాదా?"

హాలంతా నవ్వు. అదే నేనైతే కాంతి కొలతలు చెప్పి అందరినీ నిద్రపుచ్చేదాన్ని. ఆ సంగతి నాకూ తెలుసు, అందుకే ఇంకా మండింది.

ఉండబట్టలేక లేచాను. "ఒక సవరణ. తొలి ప్రసారాల్లో మొహం, మాట కలిసి వచ్చేవి కావు. బొమ్మకొకటి, మాటకొకటి కావాల్సి ఉండగా, పంపే స్టేషన్ ఒక్కటే దొరికింది. అందుకని రెండు నిమిషాలు మూగగా మొహం కనపడేది, తర్వాత రెండు నిమిషాలు గొంతు వినపడేది."

నేను దాచుకున్న ముక్క అదే. ఆమె మొహం చాటంతైంది.

"గిది నాకు చెప్పనే లేదు గదక్కా! ఇప్పుడే చేసి చూపిద్దాం. మొహం నాది, మాట నీది. జర ఇటు రా."

నలుగురూ చప్పట్లు కొట్టేసరికి వెళ్లక తప్పలేదు. ఆమె జనం వైపు కాకుండా నా వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. పరీక్షల డ్యూటీల్లో గదికి ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం నిలబడి, పిల్లలకు వినపడకుండా ఇరవై ఏళ్లు ఇలాగే కబుర్లు చెప్పుకున్నాం. ఒక్క మాట కూడా పోకుండా నాకు అర్థమైంది.

ఆమె ఆగింది. ఇక నా వంతు. "అందరికీ నమస్కారం" అనేస్తే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది? ఆమె పరువూ నిలిచేది. కానీ నా కడుపుమంట ఊరుకోనిస్తేనా! మైకు దగ్గరకు లాక్కుని, ఆమె మాటలు ఆమె యాసలోనే అప్పజెప్పాను.

"గిది మా అక్క ఏడాది సంది చదివిన ముచ్చట. నాకు ఎర్కనే. మాట్లాడమనంగనే ఆశ పుట్టింది, అడగకుండ ఎత్తుకొచ్చిన. తప్పు నాదే."

ఇప్పుడు తల దించుకుంటుందని ఆమె వైపే చూస్తున్నాను. అంతలో చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరుసలోని పెద్దాయన లేచి నిలబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత పెద్ద మనసమ్మా నీది!" అన్నాడు, ఆమెతో.